రాయి చెప్పిందా, ఊరు చెప్పిందా: ఓరుగల్లులో ఒక రోజు చరిత్ర నడకపై సమీక్ష

హనుమకొండలో పుట్టి, నలభై ఏళ్లకు పైగా వెయ్యి స్తంభాల గుడి ముందు నుంచే బడికి, కాలేజీకి, ఆ తర్వాత ఆఫీసుకు పోయి వస్తున్న నేను డబ్బు కట్టి అదే గుడిని చూడటానికి పోతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఊళ్లో ఉండే ఒక చిన్న బృందం ఆదివారాల్లో ఈ నడక నడిపిస్తోంది. ఉదయం ఆరు గంటలకు పద్మాక్షి గుట్ట దగ్గర మొదలుపెట్టి, వెయ్యి స్తంభాల గుడి, ఖిల్లా వరంగల్ చూపించి, మధ్యాహ్నం తర్వాత పాలంపేటలోని రామప్ప గుడికి తీసుకుపోయి, చీకటి పడే వేళకు తిరిగి తీసుకొస్తారు. బస్సు, టిఫిను, భోజనం, చిన్న పుస్తకం అన్నీ కలిపి పెద్దలకు 1,400 రూపాయలు, పిల్లలకు అందులో సగం. నేను డెబ్బై రెండేళ్ల మా అమ్మను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అక్క బిడ్డను వెంటబెట్టుకొని సంక్రాంతికి ముందు ఆదివారం పోయి వచ్చాను. వాళ్లిద్దరూ లేకపోతే ఈ సేవలోని మంచి, లోటు నాకు ఇంత స్పష్టంగా తెలిసేవి కావు.

పద్మాక్షి గుట్ట దగ్గర గడిపింది అరగంటే. సద్దుల బతుకమ్మ నాడు ఇసుక వేస్తే రాలనంత జనంలో మాత్రమే ఆ చోటును చూసిన వాళ్లకు, జనం లేని తెల్లవారుజామున అది వేరే ఊరిలా కనిపిస్తుంది. ఆ గుట్ట మీద 1117 నాటి శాసనం ఉందనీ, కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని కట్టించినట్లు అందులో ఉందనీ గైడ్ చెప్పింది. గైడ్ అంటే చరిత్రలో పీజీ చేసిన ఒక యువతి. రాతి మీద చెక్కిన తీర్థంకరులను చూపిస్తూ, ఈరోజు పసుపు కుంకుమలతో పూజలందుకుంటున్న చోటు ఒకప్పుడు జైనులదని చెప్పేటప్పుడు ఆమె గొంతులో బయటపెట్టేస్తున్నానన్న ఉత్సాహం గానీ, ఎవరైనా నొచ్చుకుంటారేమోనన్న సంకోచం గానీ లేవు. ‘‘మనుషులు మారిన్రు, మొక్కే చోటు మాత్రం మారలేదు’’ అని ఒక్క మాట అని ముందుకు నడిచింది. అమ్మ ఏమీ అనలేదు కానీ, దిగేటప్పుడు ఆ బొమ్మలకు కూడా దండం పెట్టుకుంది.

ఈ నడకలో డబ్బుకు సరిపడా విలువ నాకు దొరికింది వెయ్యి స్తంభాల గుడిలో, ఆవరణలో నిలబెట్టి ఉన్న శాసనం దగ్గర. ఆ నల్లరాతి స్తంభాన్ని నేను వందల సార్లు చూసి ఉంటాను, దాని నీడలో కూర్చొని పల్లీలు కూడా తిన్నాను, కానీ అందులో ఒక్క అక్షరం చదవాలన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. గైడ్ సంచిలోంచి మామూలు టార్చి లైటు తీసి, రాతికి ఎదురుగా కాకుండా దాదాపు రాతిని ఆనించి పక్క నుంచి వెలుగు వేసింది. అంతవరకు గీతల్లా, మసకగా కనిపించిన అక్షరాలు ఒక్కసారిగా లోతు, నీడలతో లేచి నిలబడ్డాయి. తర్వాత ఆమె అందరికీ ఒక కాగితం పంచింది. అందులో ఒక వరుసలో ఆనాటి అక్షరాలు, వాటి కింద ఇప్పటి మన అక్షరాలు ఉన్నాయి. పిల్లలు ఆ కాగితాన్ని, రాతిని మార్చి మార్చి చూస్తూ వెతకడం మొదలుపెట్టారు. మా అక్క బిడ్డ పది నిమిషాల సేపు ముక్కు రాతికి తగిలేంత దగ్గరగా నిలబడి, ‘‘మామా, రుద్ర! ఇగో, రుద్ర అని ఉన్నది!’’ అని అరిచింది. ఎనిమిది వందల అరవై ఏళ్ల కిందటి మాటను ఎవరి సాయం లేకుండా తానే చదివానన్న సంబరాన్ని ఏ మ్యూజియం అద్దం వెనక నుంచీ ఆ పిల్లకు ఇవ్వలేం.

ఆ తర్వాత గైడ్ ఆ శాసనంలోని తేదీని ముక్కలు ముక్కలుగా విప్పి చెప్పింది. శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. వడ్డవారం అంటే ఏ వారమని అడిగితే ఇరవై రెండు మందిలో ఒక్కరూ చెప్పలేకపోయాం. శనివారమట. లెక్క కడితే అది 1163 జనవరి 19 అవుతుందనీ, ఆ రోజు నిజంగానే శనివారమనీ, రాతి మీది వారం, పంచాంగం లెక్క ఒకదానికొకటి సరిపోవడం వల్లనే ఈ తేదీని నమ్మకంతో చెప్పగలుగుతున్నామనీ ఆమె వివరించింది. కాకతి రుద్రదేవుడు తన పేర రుద్రేశ్వరుణ్ని, దానితో పాటు వాసుదేవుణ్ని, సూర్యుణ్ని ప్రతిష్ఠించిన త్రికూటాలయం ఇదని చెప్పే తెలుగు వాక్యాలు, అచింతేంద్రుడు అనే కవి రాసిన సంస్కృత శ్లోకాలు ఆ రాతి మీదనే ఉన్నాయి. చాళుక్యుల నీడ నుంచి బయటపడి రుద్రదేవుడు స్వతంత్రుడైనట్లు చాటిన శాసనంగా దీన్ని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే అందులో అతని పేరుకు ముందు సామంతులకు వాడే ‘మహామండలేశ్వర’ బిరుదే ఉందని గైడ్ గుర్తుచేసింది. విజయాలు రాజువి, బిరుదు సామంతుడిది, ఈ రెండింటినీ ఒకే రాతి మీద ఎందుకు రాయించి ఉంటాడో ఆలోచించమని చెప్పి, తాను జవాబు చెప్పకుండా వదిలేసింది. బస్సులో టిఫిను తింటున్నంత సేపూ నా వెనక సీట్లోని ఇద్దరు ఇంజినీరింగు విద్యార్థులు దీని మీదే వాదించుకున్నారు.

ఈ బృందం పద్ధతి ఏమిటో అక్కడే అర్థమైంది. ప్రతి విషయానికీ గైడ్ ముందుగా ఒక మాట అంటుంది: ‘‘ఇది రాయి చెప్పింది’’, లేదా ‘‘ఇది పుస్తకం చెప్పింది’’, లేదా ‘‘ఇది ఊరు చెప్పింది’’. శాసనంలో ఉన్నది మొదటి రకం, చరిత్రకారులు ఆధారాలను కలిపి తేల్చినది రెండోది, తరతరాలుగా జనం చెప్పుకొంటున్నది మూడోది. మూడింటిలో ఏదీ తక్కువ కాదనీ, కానీ ఒకదాన్ని ఇంకొకటి అనుకోవద్దనీ ఆమె పట్టుదల. వినడానికి ఇది చిన్న సంగతిలా ఉంటుంది కానీ, మన దగ్గర గుడికో కోటకో పోయినప్పుడు మూడూ కలిసిపోయిన కిచిడీయే మన చెవిన పడుతుంది. సాయంత్రానికి మా అమ్మ కూడా ‘‘గిది ఎవలు చెప్పిన్రు బిడ్డా, రాయా, ఊరా?’’ అని అడిగే దాకా వచ్చింది. నా లెక్కన ఆ ప్రశ్నకే 1,400 రూపాయలు చెల్లిపోయాయి.

గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపం గురించి మాత్రం హనుమకొండ వాళ్లమైన మాకే ఎక్కువ తెలుసు. 2006లో దాన్ని విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పేర్చారు. 2024 మార్చిలో మండపం మళ్లీ తెరుచుకునే దాకా ఒక తరం పిల్లలు ఆ రాళ్ల గుట్టలనే చూస్తూ పెరిగారు. అంత బరువును మోసే కట్టడాల పునాదిలో ఇసుక నింపే కాకతీయుల పద్ధతిని గైడ్ చేత్తో నేల మీద గీసి చూపించింది. బాగానే ఉంది కానీ, మండపం విప్పిన రోజుల్లో అక్కడ పని చూసిన స్థానికులు మా గుంపులోనే ముగ్గురు ఉన్నారు, వాళ్లతో నాలుగు మాటలు చెప్పించి ఉంటే ఇంకా బాగుండేది. ఊరు చెప్పేది వినాలనే బృందం ఊరివాళ్లు పక్కనే ఉన్నప్పుడు అడగకపోవడం నాకు వింతగా తోచింది.

కోటకు చేరేసరికి పది దాటింది. మట్టికోట, అగడ్త, దాని లోపల రాతికోట, రాతికోట చుట్టూ 45 బురుజులు, ఇవన్నీ వరంగల్ పిల్లలకు బడిలోనే కంఠస్థం. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను రుద్రమదేవి ఇంకా ఎత్తు పెంచి పూర్తి చేసిందన్నదీ అందరికీ తెలిసిందే. తెలియనిది గైడ్ రాతి గోడ నీడలో మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. రుద్రమదేవి ఎప్పుడు, ఎలా చనిపోయిందన్నది చాలాకాలం స్పష్టంగా తేలలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం దానికి జవాబు చెప్పింది. అది ఏ రాజూ వేయించింది కాదు. పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు, కన్నుమూసిన రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చి, ఆ సంగతిని రాయించుకున్నాడు. ఏలికకు, సేనానికి ఒకేసారి పుణ్యం కోరాడంటే ఇద్దరూ ఒకే యుద్ధంలో, బహుశా తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో పడిపోయి ఉంటారని చరిత్రకారులు ఊహిస్తారు. గైడ్ ఇక్కడ ఆగి, ‘‘చనిపోయిన ఏడాది రాయి చెప్పింది, ఎట్ల చనిపోయిందో పుస్తకం చెప్పింది’’ అని విడదీసింది. ఒక మహారాణి చావు కబురు దాదాపు ఏడు శతాబ్దాల తర్వాత మనకు అందింది ఒక బంటు విశ్వాసం వల్లనేనని విన్నప్పుడు గుంపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నడిబొడ్డున స్వయంభూ దేవుడి గుడి శిథిలాలు, వాటి చుట్టూ నాలుగు దిక్కులా నిలిచిన తోరణాలు. తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఉన్నది ఈ తోరణమే కాబట్టి దాని ముందు ఫొటోలు దిగని వాళ్లు లేరు. ఫొటోల కోసం నిర్వాహకులు పక్కాగా ఇరవై ఐదు నిమిషాలు కేటాయించారు. దాని ఫలితంగా కోటలోనే ఉన్న ఖుష్ మహల్ అనే పాత మందిరానికి మిగిలింది పన్నెండు నిమిషాలు. ఈ రోజు మొత్తంలో నాకు కోపం తెప్పించిన సంగతి ఇదొక్కటే. ఖుష్ మహల్‌ను 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ఊళ్లో అనుకుంటారు. 1504 నాటి అతని శాసనం ఒకటి ఇక్కడే దొరికింది కూడా. కానీ లోపలికి వాలిన దాని గోడలను, విల్లు వంపు తిరిగిన కమానులను చూసి, ఇది అంతకు రెండు వందల ఏళ్ల ముందు, 1323లో ఢిల్లీ తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ని ఓడించి ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిన నాటి తుగ్లక్ దర్బారు మందిరమని వాదించే పరిశోధకులు ఉన్నారు. రాయి, పుస్తకం, ఊరు మూడూ మూడు దిక్కులకు లాగే చోటు ఇది. ఈ బృందం పద్ధతికి ఇంతకు మించిన పాఠం ఓరుగల్లులో ఇంకొకటి దొరకదు. అలాంటి చోట గైడ్ గడియారం చూసుకుంటూ మాట్లాడవలసి రావడం ఆమె తప్పు కాదు, కాలపట్టిక వేసిన వాళ్లది. తోరణం ముందు పది నిమిషాలు తగ్గించి ఇక్కడ కలిపితే సరిపోయేది.

భోజనం గురించి చెప్పాల్సింది తక్కువే. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, పండుగ రోజులు కాబట్టి సకినాలు. అన్నీ కడుపునిండా, వేడివేడిగా పెట్టారు. అయితే పెద్దవాళ్లకు కుర్చీలు చాలకపోవడంతో అమ్మ బస్సు మెట్ల మీద కూర్చొని తింది. మేడారం జాతర దగ్గరపడుతుండటంతో ములుగు తొవ్వ పొడవునా బండ్ల వరుస. డెబ్బై కిలోమీటర్ల లోపు దూరానికి రెండున్నర గంటలు పట్టింది. ఆ రద్దీకి ఎవరినీ తప్పుపట్టలేం, కానీ జాతర రోజులని తెలిసి ఒక గంట ముందు బయలుదేరి ఉండాల్సింది.

రామప్పలో గైడ్ మాట మొదలుపెట్టిందే పేరుతో. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించినట్లు శాసనం చెబుతుంది. గుడి పేరు రుద్రేశ్వరాలయం. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిందీ ఆ పేరుతోనే, బ్రాకెట్లో మాత్రం రామప్ప. శిల్పి పేరు మీద వెలసిన గుడి ఇదొక్కటేనని మనం గర్వంగా చెప్పుకొంటాం, కానీ ఆ శిల్పి పేరు శాసనంలో లేదు. ‘‘రామప్ప పేరు ఊరు చెప్పింది’’ అని గైడ్ అన్నప్పుడు గుంపులో ఒకాయన, ‘‘అయితే అబద్ధమా మేడం?’’ అని కొంచెం గట్టిగానే అడిగాడు. ఆమె తడబడలేదు. కట్టించిన సేనాని పేరు రాతి మీద ఉన్నా జనం నోట నిలవలేదనీ, ఏ రాతి మీదా లేని శిల్పి పేరును మాత్రం జనం ఇన్ని వందల ఏళ్లు మోసుకొచ్చారనీ, అబద్ధమా నిజమా అన్నదానికంటే జనం ఎవరిని గుర్తుపెట్టుకోవాలనుకున్నారో చూడమనీ జవాబిచ్చింది. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు కానీ, ఆ తర్వాత అన్ని చోట్లా ముందు వరుసలో నిలబడ్డాడు.

పక్కనే మరో గుంపును తిప్పుతున్న గైడు ద్వారం దగ్గరి శిల్పం మీద గోరుతో కొట్టి సరిగమలు వినిపిస్తున్నాడు. మా వాళ్లకూ ఆశ పుట్టింది. మా గైడ్ మాత్రం ససేమిరా అన్నది. రోజూ వందల చేతులు పడితే ఆ నునుపు, ఆ సన్నటి అంచులు ఎన్నేళ్లు నిలుస్తాయో లెక్క వేసుకోమన్నది. దానికి బదులుగా గుడి వెలుపలి చూరుల కింద ఉన్న మదనికల దగ్గరికి తీసుకుపోయింది. పన్నెండు నల్లరాతి సుందరుల్లో ఒకామె పాదాల కింద ఎత్తు మడమల చెప్పులు ఉన్నాయని ఇక్కడ గైడ్లందరూ చూపించి నవ్విస్తారు. ఈమె ఆ చెప్పుల మీద జోకు వేయలేదు. పాదం కింద పట్టీని, దాని పక్కన చెక్కిన వేళ్లను చూపించి, పాదానికి ఏం తొడుక్కున్నదో చూసే కన్ను శిల్పికి ఉందని చెప్పి, కళ్లు కొంచెం పైకెత్తి నడుము వంపు చూడమన్నది. మెడలోని హారం పోగుకూ, రాతి ఒంటికీ మధ్య వెలుతురు కనబడేంత సందు ఉంది. పదమూడో శతాబ్దంలో ఒక ఇనుప ఉలి అంత సందులోకి ఎలా దూరిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. రంగమండపం దూలాల మీది నాట్యభంగిమల దగ్గర, గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప సేనాని నృత్యశాస్త్రం రాశాడనీ, ఈ శిల్పాలను ఆ గ్రంథంతో కలిపి చదివి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టారనీ విన్నప్పుడు, పేరిణి మా బడి వార్షికోత్సవంలో చూసిన డప్పుల నాట్యం మాత్రమే అనుకున్న నాకు సిగ్గు వేసింది.

నీళ్లలో తేలే ఇటుకల సంగతి చెప్పేటప్పుడు మాత్రం ప్రదర్శన సామగ్రి లేని లోటు తెలిసింది. మట్టిలో కలిపిన ఊక వంటి పదార్థం కాలిపోయి ఇటుక నిండా రంధ్రాలు ఏర్పడతాయనీ, అందుకే శిఖరం బరువు తగ్గి కింది రాతి కట్టడానికి భారం కాదనీ ఆమె పది నిమిషాలు చెప్పింది. గుడి ఇటుకను ముట్టుకోకూడదు, సరే. ఒక బకెట్టు నీళ్లు, కొత్తగా కాల్పించిన తేలిక నమూనా ఇటుక ఒకటి ఉంటే ఆ పది నిమిషాల మాట రెండు నిమిషాల్లో తేలేది. పల్లెలో ఇటుకల బట్టీ పెట్టిన ఇంట్లో పుట్టిన మా అమ్మ మాత్రం వెంటనే అందుకున్నది: ‘‘ఊక ఎక్కువైతే ఇటుక తేలికైతది గని, చేతిల పెట్టంగనే పొడి అయితది, గది పగలకుంట ఎట్ల కాల్చిన్రో గదే మర్మం’’. గైడ్ అక్కడే నోటుబుక్కు తీసి ఆ మాట రాసుకున్నది.

ఇక లోట్లు. పదిహేను మందికి మించరని ఫోనులో చెప్పి ఇరవై రెండు మందిని ఎక్కించారు. అందువల్ల కోటలో వెనక ఉన్న వాళ్లకు సగం మాటలు వినిపించలేదు. దాని కోసమే ఇచ్చిన చెవి యంత్రాల్లో మాకు ఇచ్చిన వాటిలో రెండు ఛార్జి లేక మధ్యాహ్నానికే మూగబోయాయి. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది చేతికిచ్చిన చిన్న పుస్తకం. గైడ్ రోజంతా ఎంతో జాగ్రత్తగా విడదీసిన మూడు పోగులనూ ఆ పుస్తకం మళ్లీ కలిపి ముడివేసింది. ‘రామప్ప అనే శిల్పి ఈ గుడిని చెక్కాడు’ అని రెండో పుటలో అచ్చు వేశారు. అది ఊరు చెప్పిన మాటనే సూచన ఎక్కడా లేదు. ఖుష్ మహల్ గురించిన వివాదం అసలే లేదు. నడకకు రాని వాళ్లు, ఇంట్లో బల్ల మీద పడి ఉన్నప్పుడు తిరగేసే పిల్లలు చదివేది ఆ పుస్తకమే కదా. నోట చెప్పినంత శ్రద్ధ అచ్చులో లేకపోతే ఎలా? మర్నాడు ఫోను చేసి ఈ సంగతులన్నీ చెప్పాను. చెవి యంత్రాల అద్దె తిరిగి ఇచ్చారు, పుస్తకం రెండో ముద్రణలో సరిచేస్తామన్నారు.

భాష గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. చరిత్ర చెప్పే చాలామంది నోట సగం ఇంగ్లీషు దొర్లుతుంది. ఈమె దూలం, మొగసాల, గూడు, అరుగు, చూరు, వాలు గోడ అని ఇంట్లో వాడే మాటలతోనే శిల్పశాస్త్రం చెప్పింది. మా అమ్మ రోజంతా నడవగలిగింది, మధ్యలో ఒక్కసారి కూడా ‘ఇంటికి పోదాం’ అనలేదంటే అందులో కాళ్ల బలం కంటే ఆ మాటల బలమే ఎక్కువ ఉంటుంది.

పోదలచుకున్న వాళ్లు ఎంతమంది వస్తున్నారో ముందే గట్టిగా అడగండి, చెవి యంత్రం ఛార్జి బస్సు ఎక్కేటప్పుడే చూసుకోండి, మీ టార్చి మీరే తెచ్చుకోండి. ఎండాకాలంలో అయితే కోటను ఉదయమే పెట్టించుకోండి. మా అక్క బిడ్డ ఆ అక్షరాల కాగితాన్ని లామినేషన్ చేయించుకున్నది. ఇప్పుడు మడికొండ మెట్టుగుట్ట ఎక్కి అక్కడ ఏమైనా రాతలు ఉన్నాయేమో చూద్దామని ప్రతి ఆదివారం ప్రాణం తీస్తోంది.